వరదొచ్చాక లీటరు లెక్క పడిపోతే జూప్లాంక్టన్ పోయినట్టేనా?

నదుల పక్కన ఉండే వరద మైదానాల్లో జూప్లాంక్టన్ (నీళ్ళలో తేలుతూ బతికే చిన్న చిన్న జంతువులు) మీద వచ్చిన పేపర్లు ఏవి తిరగేసినా ఒక వాక్యం మాత్రం గ్యారంటీగా తగుల్తుంది, వరద టైమ్‌లో సంఖ్య పడిపోయింది, వరద తీశాక మళ్ళీ పెరిగింది అని. అబద్ధమేం కాదు. కానీ ఆ ఒక్క ముక్క పట్టుకుని వరద వీటికి నష్టం చేస్తుంది అనేస్తారు చూడండి, అక్కడే నాకు చిరాకొస్తుంది, ఎందుకంటే ఆ సంఖ్య లీటరుకి ఎన్ని అన్న లెక్క, మొత్తం ఎన్ని అన్న లెక్క కాదు.

ఒక మడుగు ఉందనుకోండి. నీళ్ళు తక్కువున్నప్పుడు సగటు లోతు ఒక మీటరు, లీటరుకి 400 జీవులు. వరదొచ్చింది, లోతు 4 మీటర్లయింది, పక్కనున్న గడ్డిలోకి పొదల్లోకి నీళ్ళు పాకి విస్తీర్ణం 5 రెట్లయింది, అంటే మొత్తం నీళ్ళు 20 రెట్లు. ఇప్పుడు శాంపిల్ తీస్తే లీటరుకి 40 వచ్చాయనుకుందాం. పదో వంతుకి పడిపోయింది అని గ్రాఫ్ గీసేస్తాం, కానీ గుణించి చూస్తే ఆ మడుగులో ఉన్న జీవులు మొత్తం మీద రెండింతలయ్యాయి. పాలల్లో నీళ్ళు కలిస్తే గ్లాసు చిక్కన తగ్గుతుంది గానీ బిందెలో పాలు ఎక్కడికీ పోవు కదా, అదే సంగతి. (ఇవి నేను ఉదాహరణకి వేసుకున్న అంకెలు, ఏ మడుగులోనూ కొలిచినవి కాదు.) నిజం మడుగుల్లో ప్రవాహంతో పాటు కొట్టుకుపోయేవి కూడా ఉంటాయి, అది వేరే, దాని దగ్గరికి వస్తా.

ముందు అసలు ఎవరి గురించి మాట్లాడుతున్నామో చెప్పాలి. మంచినీళ్ళ జూప్లాంక్టన్‌లో పెద్ద గుంపులు మూడు, రోటిఫెర్లు, క్లాడోసెరాలు, కోపిపాడ్లు. వీటికి తోడు చిన్న గుల్ల కట్టుకుని బతికే టెస్టేట్ అమీబాల్ని కూడా చాలామంది, ముఖ్యంగా బ్రెజిల్ వాళ్ళు, ఇదే లెక్కలో వేస్తారు, వరద మైదానంలో అది కరెక్టే అంటా నేను, ఎందుకంటే వరదొచ్చినప్పుడు ఇవి మొక్కల మీంచి, అడుగు మట్టిలోంచి లేచి నీళ్ళలోకి బాగా వచ్చేస్తాయి. రోటిఫెర్లు చాలావరకు అర మిల్లీమీటరు లోపే, తల దగ్గర సన్నటి వెంట్రుకలు గిరగిరా తిప్పుకుంటూ తిండి లాక్కుంటాయి. క్లాడోసెరాలంటే రొయ్యలకి దూరపు చుట్టాలైన చిన్న జీవులు, డాఫ్నియా, మోయినా, బాస్మినా వగైరా. కోపిపాడ్లు కూడా రొయ్యల చుట్టాలే, గుడ్డు పగిలాక నాప్లియస్ అనే పిల్ల దశలు ఆరు, ఆ తర్వాత కోపిపోడిడ్ అనే ఎదిగే దశలు ఐదు దాటితే గానీ పెద్దవి అవ్వవు. ఈ టైమ్ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. వెచ్చటి నీళ్ళలో బ్రాకియోనస్ లాంటి రోటిఫెర్ రెండు మూడు రోజుల్లో పిల్ల నించి తల్లి అయిపోతుంది, కోపిపాడ్‌కి వారాలు పడుతుంది.

ఇక మొక్కల సంగతి. తేలే గుర్రపు డెక్క ఒకటి నెమ్మదిగా, కింద బకెట్ పెట్టి లేపి, ఆ వేళ్ళని తెల్లటి ట్రేలో జాడించి చూడండి. ముందు కనిపించేది బురదే. కాసేపాగితే బురద అడుక్కి దిగి అందులో చుక్కలు కదలడం మొదలవుతుంది. అదే నీళ్ళు మైక్రోస్కోప్ కింద పెడితే, మడుగు మధ్యలో వల లాగితే వచ్చే జనం వీళ్ళు కాదని వెంటనే తెలిసిపోతుంది. కైడోరిడ్లు అని గుండ్రటి క్లాడోసెరాలు ఉంటాయి, ఆకు మీద పాకుతూ దాని మీదుండే జిగురు పొరని కాళ్ళతో గీక్కుని తింటాయి, వీటిలో చాలావాటికి వీపు సంచిలో ఒకేసారి రెండు గుడ్లు మాత్రమే, మోయినా లాగా డజన్ల కొద్దీ కనేసే రకం కాదు. సిమోసెఫాలస్ అయితే యాంటెన్నా మీద కొక్కెంలా వంగిన వెంట్రుకతో మొక్కని పట్టుకుని, వీపు మొక్కకి ఆనించి కడుపు బైటికి పెట్టి వేలాడుతుంది, అలా వేలాడుతూనే నీళ్ళు వడకట్టుకుని తింటుంది, మైక్రోస్కోప్ లైట్ కాస్త ఎక్కువ పెట్టినా కదలదు. సైడా క్రిస్టలీనాకి మెడ వెనక ఏకంగా అంటుకునే గ్రంథే ఉంటుంది. రోటిఫెర్లలో లెకేన్, లెపాడెల్లా మొక్కల మధ్య తిరిగేవి, ఫ్లోస్కులేరియా రింజెన్స్ అయితే నీళ్ళలోని చెత్తని చిన్న చిన్న ఉండలు చుట్టి ఒకదాని మీద ఒకటి పేర్చి గొట్టం కట్టుకుని ఇక అందులోనే కాపురం. ఎంత సేపు చూసినా విసుగు రాదు నాకైతే.

ఇంకో చిత్రం, అన్ని మొక్కలూ ఆశ్రయం ఇచ్చేవి కాదు. యుట్రిక్యులేరియా అని నీళ్ళలో మునిగి పెరిగే మొక్క ఉంది, దానికి చిన్న చిన్న తిత్తులు, తిత్తి లోపలి నీళ్ళు ముందే బైటికి తోడేసి ఉంచుకుంటుంది, గుమ్మం దగ్గరున్న వెంట్రుకకి ఏ కైడోరిడ్డో తగిలిందంటే తలుపు తెరుచుకుని సెకన్లో వెయ్యోవంతు కన్నా తక్కువ టైమ్‌లో నీళ్ళతో సహా లోపలికి పీల్చేసుకుంటుంది. తిత్తి పగలగొట్టి చూస్తే లోపల ఖాళీ పెంకులు. మొక్కల మధ్య ఎవరెవరు బతుకుతున్నారో తెలుసుకోడానికి ఇది కూడా ఒక శాంపిలే అని నా లెక్క.

సరే, ఇప్పుడు వరద. 1989లో వుల్ఫ్‌గాంగ్ యుంక్, పీటర్ బేలీ, రిచర్డ్ స్పార్క్స్ కలిసి ఫ్లడ్ పల్స్ అని ఒక సిద్ధాంతం రాశారు, దాని సారం ఏంటంటే పెద్ద నదుల్లో ఏటా వచ్చే వరద ప్రమాదం కాదు, అక్కడి జీవులన్నీ దానికి తగ్గట్టే తమ బతుకు అమర్చుకున్నాయి, వరద రాకపోతేనే వాటికి ప్రమాదం అని. అమెజాన్‌లో మనౌస్ నగరం దగ్గర నీటిమట్టం ఏటా సగటున 10 మీటర్ల దాకా పైకీ కిందికీ ఆడుతుంది. మూడంతస్తుల ఎత్తు నీళ్ళు రావడం పోవడం అన్నమాట, అదీ నెలల తరబడి మెల్లగా. అంత ఎత్తు నీళ్ళకి కూడా అక్కడి తేలే గడ్డి పచ్చికలు పైకి లేస్తూ పోతాయి గానీ మునగవు. ఆఫ్రికాలోని ఒకావాంగో నదిలో ఇంకా తమాషా, వాన పడేది అంగోలా కొండల మీద, ఆ నీళ్ళు బోట్స్వానాలో డెల్టా కింది కొసకి చేరేసరికి నెలలు పడుతుంది, అందుకని అక్కడ చుక్క వాన లేని ఎండు కాలం నడిమధ్యలో వరద వస్తుంది.

వరద నీళ్ళు మొదట వచ్చినప్పుడు ఒకేసారి చాలా జరుగుతాయి. నీళ్ళు కలిసి పల్చబడతాయి, అది పైన చెప్పుకున్నాం. ప్రవాహం తగిలితే కొన్ని కొట్టుకుపోతాయి, ఇక్కడే టైమ్ తేడా పని చేస్తుంది, నీళ్ళు ఒక మడుగులో పది రోజులు కూడా నిలవకపోతే ఆ పది రోజుల్లో రెండు మూడు తరాలు కనగలిగిన రోటిఫెర్ నెట్టుకొస్తుంది, కోపిపాడ్ పెద్దది అయ్యేలోపే నదిలో ఉంటుంది. అందుకే నది ప్రధాన పాయలో శాంపిల్ తీస్తే రోటిఫెర్లే ఎక్కువ. పైగా నది బురద మోసుకొస్తే ఆ మట్టి రేణువులు డాఫ్నియా లాంటి వడకట్టుకు తినేవాటికి నోటికి అడ్డం, తిండితో పాటు మన్ను కూడా మింగాలి, బాస్మినా లాంటి చిన్నవి, రోటిఫెర్లు కాస్త ఏరుకుని తినగలవు కాబట్టి అవి తట్టుకుంటాయి.

ఇవన్నీ నష్టాలే కదా అనొచ్చు. ఇప్పుడు ఎదురు పక్క చూడండి. కొత్తగా మునిగిన నేలలో ఎండు గడ్డి, ఆకులు నానడం మొదలెట్టగానే వాటిలోంచి పోషకాలు దిగుతాయి, బ్యాక్టీరియా పెరుగుతుంది, బ్యాక్టీరియాని తినే సూక్ష్మజీవులు పెరుగుతాయి, వీటిని తినే రోటిఫెర్లకి పండగే. నేల కింద ఎండిపోయి పడున్న గుడ్లు తడి తగిలి లేస్తాయి. వీటి మీద ఒక్క పేరా రాయకుండా ఉండలేను.

క్లాడోసెరాలు మామూలు రోజుల్లో మగవాటితో పని లేకుండానే కనేస్తాయి. నీళ్ళు తగ్గి, గుంపు పెరిగి, తిండి తగ్గి రోజులు బాగోలేవని సూచన వస్తే అప్పుడు మగవి పుడతాయి, అప్పుడు పెట్టే గుడ్లు వేరే రకం, గట్టి పెంకు కప్పుకున్నవి, దాన్ని ఎఫిప్పియం అంటారు, డాఫ్నియా ఎఫిప్పియంలో మామూలుగా రెండు గుడ్లు, కైడోరిడ్లలో చాలావాటికి ఒక్కటే. అది బురదలో ఎండినా, చేప పేగుల్లోంచి వెళ్ళొచ్చినా, పక్షి కాలికి అంటుకుని ఎగిరిపోయినా చాలాసార్లు బతికే ఉంటుంది. 1880ల్లో నార్వే శాస్త్రవేత్త జార్జ్ ఒసియన్ సార్స్ ఆస్ట్రేలియా నించి ఎండు మట్టి తెప్పించుకుని నీళ్ళు పోసి అందులోంచి ఆ దేశపు క్లాడోసెరాల్ని ఇంట్లోనే పెంచి వర్ణించాడు, ఆ జీవులు బతికే చెరువుని చూడకుండానే! 1995లో నెల్సన్ హెయిర్‌స్టన్ టీమ్ అయితే అమెరికాలో రోడ్ ఐలాండ్‌లోని ఒక కుంట అడుగు మట్టిలోంచి 300 ఏళ్ళు దాటిన కోపిపాడ్ గుడ్లని కూడా పొదిగించగలిగింది. డెలాయిడ్ రోటిఫెర్లకి అసలు గుడ్డు గొడవే అక్కర్లేదు, పెద్ద జీవే ఒళ్ళు ముడుచుకుని ఎండిపోయి నీళ్ళొచ్చాక లేచి కూర్చుంటుంది. అంటే వరద మైదానం ఎండిపోయినప్పుడు జూప్లాంక్టన్ సున్నా అని రాస్తాం చూడండి, అది నీళ్ళలో సున్నా, మట్టిలో కాదు.

నీళ్ళు ఎత్తున ఉన్న నెలల్లో తేలే మొక్కల చాప కింద ఇంకో ఇబ్బంది, ఆక్సిజన్. పైన చాప దట్టంగా ఉంటే వెలుతురు దిగదు, గాలి కలవదు, కింద కుళ్ళడం మాత్రం ఆగదు. అలాంటి చోట మోయినా, డాఫ్నియా ఒళ్ళంతా ఎర్రబడి కనిపిస్తాయి, హీమోగ్లోబిన్ ఎక్కువ తయారు చేసుకుంటాయి, ఉన్న కాస్త ఆక్సిజన్‌ని పట్టుకోడానికి. చాప నడిమధ్యలో, చాప అంచులో తీసిన రెండు శాంపిళ్ళు పక్కపక్కన పెడితే ఒకే మడుగువి అంటే నమ్మరు. నా మటుకు అంచే అన్నిటికన్నా రిచ్ చోటు, తిండీ ఉంటుంది, ఆక్సిజనూ ఉంటుంది, ఆకుల్లోకి తప్పుకునే వీలూ ఉంటుంది.

తప్పుకునే వీలు అన్నాను కదా, దీని మీద చిన్న తగాదా ఉంది. 1984లో టిమ్స్, మాస్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లండ్‌లో బాగా చేపలున్న లోతు లేని సరస్సులో చూసి చెప్పింది ఏంటంటే క్లాడోసెరాలు పగలు మొక్కల్లో దాక్కుని రాత్రి పూట బైటికొచ్చి మేస్తాయని. చల్లటి దేశాల్లో ఇది బాగానే పని చేసింది, దాంతో మొక్కలంటే రక్షణ అని అందరూ రాసేసుకున్నారు. వెచ్చటి దేశాల్లో మాత్రం చిన్న చేపలూ రొయ్యలూ కూడా ఆ మొక్కల్లోనే ఉంటాయి మరి. మరియానా మీర్‌హాఫ్ వాళ్ళు ఉరుగ్వే సరస్సుల్లో, డెన్మార్క్ సరస్సుల్లో ఒకేలాంటి ప్లాస్టిక్ మొక్కలు దింపి పోల్చి చూశారు, 2007లో వచ్చింది ఆ పని, ఉరుగ్వేలో మొక్కల మధ్యే చిన్న చేపలు గుంపులుగా చేరాయి, పెద్ద క్లాడోసెరాలకి అక్కడ దాక్కునే చోటు పెద్దగా దొరకలేదు. కాబట్టి ఉష్ణమండల వరద మైదానంలో మొక్కల మధ్య చిన్న ఒళ్ళున్న కైడోరిడ్లు, రోటిఫెర్లే ఎక్కువ అంటే అందులో ఆశ్చర్యం లేదు, పెద్దవాటిని చేపలు ఏరుకు తినేస్తాయి. ఇక్కడ కూడా వరదకి పాత్ర ఉంది, నీళ్ళు పరుచుకున్నప్పుడు చేపలు కూడా పలచబడి దూరం దూరం వెళ్ళిపోతాయి, ఒక్కో జీవికి ఎదురయ్యే చేపలు తగ్గుతాయి, వరద తీసేటప్పుడు అందరూ మళ్ళీ అదే గుంటలోకి చేరతారు, అప్పుడు లీటరుకి జూప్లాంక్టన్ బోలెడు, దాన్ని తినే నోళ్ళూ బోలెడు. చేప పిల్లలు ఎదిగేది ఈ తిండి మీదే.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. బ్రెజిల్‌లో సిడినే థోమాజ్, లూయిస్ బీని, రైనాల్డో బోజెల్లీ 2007లో ఒక మాట తేల్చి రాశారు, వరద వస్తే వరద మైదానంలోని నీటి చోట్లన్నీ ఒకదానికొకటి దగ్గరవుతాయి, వరద తీస్తే ఎవరి దారి వాళ్ళది అని. నీళ్ళు కలిసున్నప్పుడు నది నీరు, మడుగు నీరు, కుంట నీరు కలిసిపోయి ఉప్పులూ పోషకాలూ జీవులూ అన్నీ ఒకేలా తయారవుతాయి. నది మధ్యలో వేసిన వలలో లెకేన్ దొరికితే అది అక్కడ పుట్టింది కాదు, ఎక్కడో మొక్కల మీంచి ఊడి వచ్చింది. గుర్రపు డెక్క దిబ్బలు తెగి కొట్టుకుపోతున్నప్పుడు వేళ్ళలో ఉన్న సంసారం మొత్తం వాటితో పాటే ప్రయాణం చేస్తుంది, ఎక్కడ ఆగితే అక్కడ దిగుతుంది. వరద తీశాక ఒక గుంటలో గాలికి బురద లేస్తూ ఉంటుంది, పక్క గుంటలో మొక్కలు నిండిపోయి నీళ్ళు తేటగా ఉంటాయి, ఇంకోదాంట్లో చేపలన్నీ ఇరుక్కుపోతాయి, మూడూ ఒకే వరద నీళ్ళతో మొదలైనా కొన్ని వారాలకి మూడు రకాల జనం. కాబట్టి ఒక్క మడుగులో రకాలు ఎన్ని అన్న ప్రశ్నకి వచ్చే జవాబు, మైదానం మొత్తంలో రకాలు ఎన్ని అన్న ప్రశ్నకి వచ్చే జవాబు వరద టైమ్‌లో ఒకటి, ఎండినప్పుడు ఇంకొకటి. ఒక్క సీజన్‌లో శాంపిల్ తీసి వైవిధ్య సూచిక (ఎన్ని రకాలు, ఏది ఎంత అన్నది ఒక్క అంకెలో చెప్పేది) 2.3 అనో 2.7 అనో టేబుల్‌లో పెడితే దాన్నేం చేసుకోవాలో నాకైతే అర్థం కాదు, ఆ రోజు నీటిమట్టం ఎంతో, అది పెరుగుతోందో తగ్గుతోందో పక్కన రాయకపోతే.

శాంపిల్ పద్ధతి మీద కూడా ఒక మాట, ఎందుకంటే మొక్కల జనం లెక్క తప్పేది చాలావరకు ఇక్కడే. మొక్కల మధ్య వల లాగడం కుదరదు, ఆకులు చుట్టుకుంటాయి. పంపుతోనో బకెట్‌తోనో నీళ్ళు తీసి 50 నించి 70 మైక్రోమీటర్ల కన్నాలున్న జాలీలో వడకడతారు, కన్ను పెద్దదైతే రోటిఫెర్లు జారిపోతాయి, అప్పుడు మీ దగ్గర అన్నీ కోపిపాడ్లే ఉన్నట్టు కనిపిస్తుంది. అలా తీసినా అంటుకునున్నవి రావు, వాటికి మొక్కని విడిగా జాడించాల్సిందే. నిల్వ చెయ్యడానికి 4 శాతం ఫార్మలిన్, క్లాడోసెరాలు ఫార్మలిన్ తగలగానే పెంకు ఉబ్బి సంచిలో గుడ్లు బైటికి వదిలేస్తాయి, అందుకని ఫార్మలిన్‌లో చక్కెర కలుపుతారు, 1973లో హేనీ, హాల్ చెప్పిన కిటుకు, ఇప్పటికీ అదే. తర్వాత సెడ్జ్‌విక్ రాఫ్టర్ స్లైడ్, ఒక మిల్లీలీటరు పట్టేది, గళ్ళు గళ్ళుగా కూర్చుని లెక్కపెట్టుకోవడమే. వరద శాంపిల్ అయితే సగం టైమ్ మట్టి రేణువుల కింద ఎవరున్నారో వెతకడానికే సరిపోతుంది.

ఆఖరికి ఆనకట్టలు. బ్రెజిల్‌లో పరానా నది మీద పైన పోర్టో ప్రిమవెరా డ్యామ్, కింద ఇటైపు రిజర్వాయర్, ఈ రెండిటి మధ్య దాదాపు 230 కిలోమీటర్ల ముక్కలో ఇంకా వరద మైదానం మిగిలుంది, మరింగా యూనివర్సిటీ వాళ్ళు ఏళ్ళ తరబడి దాన్నే చూస్తూ వస్తున్నారు. పైన డ్యామ్ ఉన్న ఏ నదిలో అయినా వరద ఎప్పుడు, ఎంత, ఎన్నాళ్ళు అన్నది వాన ఒక్కటే తేల్చదు, కరెంటు అవసరం కూడా తేలుస్తుంది. మామూలు వరద నెలల పాటు ఉంటుంది. గేట్లెత్తి వదిలిన నీళ్ళు నాలుగు రోజులు మైదానం తడిపి వెనక్కి పోతే ఏమవుతుందో పైన చెప్పుకున్న టైమ్ తేడాతో మీరే లెక్కేసుకోండి. తడి తగలగానే మట్టిలోని గుడ్లలో కొన్ని పగులుతాయి. రోటిఫెర్ ఆ నాలుగు రోజుల్లో ఎదిగి మళ్ళీ నిద్రగుడ్డు పెట్టే ఛాన్స్ కొద్దిగా ఉంది. కైడోరిడ్‌కి కష్టం. కోపిపాడ్ ఇంకా నాప్లియస్ దశలోనే ఉండగా గుంట ఎండిపోతుంది, మట్టిలోకి తిరిగి ఒక్క గుడ్డూ చేరదు. అన్ని గుడ్లూ ఒకేసారి పగలవు కాబట్టి ఒక దొంగ వరదని, రెండు దొంగ వరదల్ని ఆ నిల్వ తట్టుకుంటుంది, కానీ ప్రతిసారీ కొన్ని ఖర్చవుతూనే ఉంటాయి, జమ మాత్రం పడదు. ఇది లీటరు లెక్కలో ఎక్కడా కనిపించదు, దీనికోసం మైదానం ఎండినప్పుడు వెళ్ళి మట్టి తవ్వి తెచ్చుకుని, నీళ్ళు పోసి, ఎవరు లేస్తారో ఎవరు లేవరో వారాల పాటు కూర్చుని చూడాలి.